1883లో అమెరికా కోర్టు కొట్టేసిన చట్టం, బాబాసాహెబ్ దాచిపెట్టిన విత్తనం

2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర కౌన్సిల్ 6-1 ఓట్లతో కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఒక నగరం ఇలాంటి చట్టం చేయడం అదే మొదలు. కౌన్సిల్ సభ్యురాలు క్షమా సావంత్ పెట్టిన ఆ ప్రతిపాదన గెలిచినప్పుడు మనమంతా సంతోషించాం, సంతోషించాల్సిందే. అయితే ఆ సంతోషం వెనుక ఒక ప్రశ్న ఉంది. చట్టాల సమాన రక్షణ అనే హామీ అమెరికా రాజ్యాంగంలో 1868 నుంచీ ఉంది. మన ఆర్టికల్ 14లో ఆ మాటలు అక్కడి నుంచి తెచ్చుకున్నవే. అంత పాత హామీ ఉన్న దేశంలో ఒక నగరం 2023లో కూర్చొని, కులం పేరుతో ఉద్యోగంలో గానీ ఇంటి అద్దెలో గానీ హోటల్లో గానీ వివక్ష చూపకూడదని కొత్తగా రాసుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

జవాబు 14వ సవరణలోని రెండు మాటల్లో ఉంది: ‘ఏ రాష్ట్రమూ’. ఏ రాష్ట్రమూ ఎవరికీ చట్టాల సమాన రక్షణను నిరాకరించకూడదని ఆ సవరణ అంటుంది. రాష్ట్రం నిరాకరించకూడదు, సరే. హోటల్ యజమాని నిరాకరిస్తే? ఆఫీసులో మేనేజర్ నిరాకరిస్తే? ఇంటి ఓనర్? వాళ్ల జోలికి ఆ వాక్యం పోదు. దీన్నే అక్కడి న్యాయశాస్త్రంలో ‘స్టేట్ యాక్షన్’ సూత్రం అంటారు. రాజ్యాంగం ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుందే తప్ప ప్రైవేటు మనిషిని కాదని దాని సారాంశం. లా కాలేజీలో ఒక పీరియడ్‌లో చెప్పి ముగించే ఈ సూత్రం పుట్టుక మాత్రం అంత చల్లటి వ్యవహారం కాదు.

కోల్‌ఫాక్స్ నుంచి మొదలుపెట్టాలి

అంతర్యుద్ధం ముగిశాక మూడు సవరణలు వచ్చాయి. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868లో 14వది పౌరసత్వాన్నీ సమాన రక్షణనూ ఇచ్చింది. 1870లో 15వది జాతి, వర్ణం కారణంగా ఓటు హక్కు కాదనకూడదంది. నల్లవాళ్లు ఓట్లేశారు, చట్టసభలకు ఎన్నికయ్యారు. ఊళ్లలో తెల్ల భూస్వాములు దాన్ని సహించలేకపోయారు. 1873 ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారం నాడు, లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో కోర్టు భవనాన్ని కాపలా కాస్తున్న నల్లవాళ్లపై తెల్లవాళ్ల సాయుధ మూక దాడి చేసింది. లొంగిపోయినవాళ్లను కూడా చంపారు. చనిపోయినవాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారు. ఎందరన్నది ఈనాటికీ పక్కాగా తేలలేదు. కారంచేడు, చుండూరు తెలిసిన మనకు ఈ వర్ణన కొత్తగా అనిపించదు.

ఫెడరల్ ప్రభుత్వం కేసు పెట్టింది. శిక్ష పడింది ముగ్గురికే. అదీ నిలవలేదు. 1876లో క్రూక్‌షాంక్ కేసులో సుప్రీంకోర్టు, 14వ సవరణ రాష్ట్రాలకు వర్తిస్తుంది గానీ ఒక పౌరుడు మరో పౌరుడిపై చేసే దాడికి వర్తించదని చెప్పి ఆ శిక్షల్ని కొట్టేసింది. హంతకుల్ని శిక్షించే పని రాష్ట్రానిదేనని తేల్చింది. ఆ రాష్ట్రం ఎవరి చేతుల్లో ఉందో కోర్టుకు తెలియనిది కాదు.

ఆలోపు కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, 1875 మార్చి 1న ఇంకో చట్టం చేసింది. సత్రాలు, ప్రయాణ వాహనాలు, థియేటర్లలో జాతి, రంగు చూడకుండా అందరినీ సమానంగా అనుమతించాలి, కాదంటే శిక్ష. సెనేటర్ చార్లెస్ సమ్నర్ దీని కోసం ఏళ్ల తరబడి పోరాడి, అది చట్టం కాకముందే చనిపోయాడు. దక్షిణ కరోలినా నుంచి ఎన్నికైన నల్లజాతి సభ్యుడు రాబర్ట్ ఎలియట్ సభలో దాన్ని గట్టిగా సమర్థించాడు. ఎనిమిదేళ్లు గడిచేసరికి ఆ చట్టం సుప్రీంకోర్టు ముందుకు అయిదు కేసుల కట్టగా వచ్చింది. హోటళ్లలో గది ఇవ్వలేదని, థియేటర్లో కూర్చోనివ్వలేదని, రైల్లో ఆడవాళ్ల పెట్టెలోకి రానివ్వలేదని. 1883 అక్టోబరులో 8-1 మెజారిటీతో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. హోటల్ యజమాని ప్రభుత్వం కాదు, అతన్ని 14వ సవరణ పేరుతో శాసించే అధికారం కాంగ్రెస్‌కు లేదు. ఇదీ జస్టిస్ బ్రాడ్లీ రాసిన తీర్పు తర్కం. బానిసత్వం నుంచి బయటపడిన మనిషి ఎప్పుడో ఒకప్పుడు మామూలు పౌరుడిగా సర్దుకోవాలి, చట్టానికి ప్రత్యేకంగా ముద్దుబిడ్డగా ఉండటం మానాలి అని కూడా ఆయన హితవు చెప్పాడు. బానిసత్వం రద్దయి అప్పటికి పద్దెనిమిదేళ్లు! రిజర్వేషన్లు ఇంకెన్నాళ్లు అని మనల్ని అడిగేవాళ్లకు పెద్ద తాత ఆయనే.

ఒక్కడే అసమ్మతి తెలిపాడు. కెంటకీకి చెందిన జస్టిస్ హార్లన్, ఒకప్పుడు తానే బానిసలు ఉన్న యజమాని. ఆయన గురించి మళ్లీ మాట్లాడుకోవాలి.

1947లో ఒక వివరణ

ఇక్కడిదాకా ఇది అమెరికా కథ. అక్కడ కోర్టు పాతిపెట్టిన చట్టాన్ని తీసి చూసినవాడు మనవాడు. అంబేద్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లోని కొలంబియాలో చదివారు. 1947లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ తరఫున ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ రాసినప్పుడు, రోడ్లు, బావులు, చెరువులు, సత్రాలు, హోటళ్లు, వాహనాల్లో సమాన ప్రవేశాన్ని కాదనడాన్ని నేరంగా చేయాలని ప్రతిపాదించారు. ఆ భాగం ఎక్కడిదో దాచలేదు. నీగ్రోల రక్షణ కోసం అమెరికా చేసిన 1866 పౌరహక్కుల చట్టం, 1875 మార్చి 1 నాటి చట్టం నుంచి తీసుకున్నానని వివరణలో రాశారు. ఆ రెండోది 1883లో చచ్చిపోయిన చట్టం. రాజ్యాంగాల్ని అంత లోతుగా చదివిన మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉండదనే నా నమ్మకం. మామూలు చట్టంగా ఉంటే కోర్టు కొట్టేస్తుంది, రాజ్యాంగంలోనే పెడితే కొట్టేయడానికి వీలుండదు.

మన ఆర్టికల్ 15ను ఈ వెలుతురులో మళ్లీ చదవండి. 15(1) రాజ్యం వివక్ష చూపకూడదంటుంది. అది అమెరికా పద్ధతే. కానీ 15(2) అక్కడితో ఆగదు. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి, ప్రజల వాడుకలో ఉన్న బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల మీదికి ఏ పౌరుడినీ కులం పేరుతో రానివ్వకపోవడం కుదరదంటుంది. అక్కడ ‘రాజ్యం’ అనే మాట లేదు. ఆర్టికల్ 17లోనూ లేదు. అంటరానితనం ఎవరు పాటించినా నేరమే. ‘దుకాణం’ అంటే ఏమిటని రాజ్యాంగ సభలో ప్రశ్న వచ్చినప్పుడు, సరుకు అమ్మే చోటు మాత్రమే కాదు, అడిగినవాడికి సేవ చేయడానికి కూర్చున్న ప్రతి చోటూ అని అంబేద్కర్ విడమరిచారు. అంటే మంగలి షాపు, ఇస్త్రీ కొట్టు కూడా. ఊళ్లో దళితుడికి తలుపు మూసింది పోలీసు స్టేషన్ ఒక్కటే కాదు కదా. హోటల్లో రెండు గ్లాసులు పెట్టింది ప్రభుత్వం కాదు.

కాగితం మీద ఉన్నదంతా అమలవుతుందని దీని అర్థం కాదు. 1955 అంటరానితనం నేరాల చట్టం వచ్చాక కూడా కారంచేడు జరిగింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాక చుండూరు జరిగింది. 2014లో హైకోర్టు చుండూరు నిందితులందరినీ వదిలేసింది. అయినా ఒక తేడా ఉంది. మన దగ్గర పోరాటం చట్టాన్ని అమలు చేయించడం కోసం. అమెరికాలో చాలాసార్లు, అసలు ఆ చట్టం చేసే అధికారం ఎవరికైనా ఉందా అన్న దగ్గరే ఆగిపోతుంది.

మాంసం ఎక్కడి నుంచి వచ్చింది?

1964లో పౌరహక్కుల చట్టం వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు వారాల తరబడి ప్రసంగాలతో బిల్లును అడ్డుకున్నారు. దీన్నే ఫిలిబస్టర్ అంటారు. జూన్ 10న 71-29 ఓట్లతో దాన్ని ముగించగలిగారు. చట్టం నిలవాలంటే 1883 తీర్పును దాటాలి. కాంగ్రెస్ ప్రధానంగా పట్టుకున్న దారి సమానత్వం కాదు, వ్యాపారం. రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారాన్ని నియంత్రించే అధికారం కాంగ్రెస్‌కు రాజ్యాంగం మొదటి నుంచీ ఇచ్చింది. దాన్నే వాడుకున్నారు.

అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఓలీస్ బార్బెక్యూ అని ఒక కుటుంబ హోటల్ ఉండేది. నల్లవాళ్లకు పార్సిల్ మాత్రమే, లోపల కూర్చోబెట్టి వడ్డించరు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు లెక్కపెట్టింది నల్లవాడి అవమానాన్ని కాదు, మాంసాన్ని. ఆ హోటల్ ఏడాదిలో కొన్న సుమారు లక్షన్నర డాలర్ల సరుకులో 46 శాతం మాంసమే. అది ఇతర రాష్ట్రాల నుంచి తెప్పించే సరఫరాదారు దగ్గర కొన్నది. కాబట్టి ఆ హోటల్ రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని ప్రభావితం చేస్తోంది, కాబట్టి చట్టం చెల్లుతుంది. 1964 డిసెంబరు 14న అలా గెలిచారు. ఇది మనుషుల సమానత్వానికి సంబంధించిన విషయం, 14వ సవరణ మీద కూడా నిలుస్తుంది అని జస్టిస్ డగ్లస్, జస్టిస్ గోల్డ్‌బర్గ్ విడిగా రాశారు. మెజారిటీ ఆ దారిలో వెళ్లలేదు. ఆత్మగౌరవం మాంసం బిల్లు చాటున హోటల్లోకి అడుగుపెట్టింది. గెలుపు గెలుపే. కానీ వ్యాపార అధికారాన్ని రేపు ఒక కోర్టు కుదిస్తే ఆ గెలుపు పునాది కూడా కుంగుతుంది.

వెల్వడం నుంచి బర్కిలీకి

అమెరికా రాజ్యాంగంలో ప్రైవేటు మనిషిని నేరుగా తాకే సవరణ ఒకటుంది, 13వది. అందులో ‘ఏ రాష్ట్రమూ’ అనే మాట లేదు. బానిసత్వం, బలవంతపు చాకిరీ దేశంలో ఉండకూడదంతే, నేరానికి శిక్షగా తప్ప. (ఆ ‘తప్ప’ అనే మాట పట్టుకుని జైళ్లలో ఖైదీల చేత ఎలా పని చేయించారో వేరే వ్యాసానికి సరిపడా విషయం.) అంబేద్కర్ పేర్కొన్న 1866 చట్టం బతికి ఉన్నది ఈ సవరణ వల్లే. 1968లో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ లేపి, ప్రైవేటు వ్యక్తి నల్లవాడికి ఇల్లు అమ్మననడం కూడా ఈ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. అదే చట్టం పూర్వీకుల మూలాల ఆధారంగా చూపే వివక్షకూ వర్తిస్తుందని 1987లో మరో తీర్పు వచ్చింది. కులాన్ని ఇందులో ఇమడ్చవచ్చని వాదించే లాయర్లకు ఆ తీర్పే ఆధారం.

మన తెలుగువాళ్లకు ఈ చర్చ గాలిలో మాటలు కాదు. కృష్ణా జిల్లా వెల్వడం నుంచి వెళ్లి బర్కిలీలో వెయ్యికి పైగా అద్దె ఇళ్లకు యజమాని అయిన లకిరెడ్డి బాలిరెడ్డి, సొంత ఊరి దళిత బాలికల్ని తప్పుడు కాగితాలతో తీసుకెళ్లి లైంగికంగా వాడుకున్నాడు, పనిలో పెట్టుకున్నాడు. 1999 నవంబరులో అతని భవనంలో ఒక బాలిక కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు చనిపోయింది. ఆ పిల్లలు బడికి ఎందుకు రావడం లేదన్న ప్రశ్నను మొదట లేవనెత్తింది పెద్ద పత్రికలు కాదు, బర్కిలీ హైస్కూలు విద్యార్థుల పత్రిక. 2001లో అతను నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలు, 20 లక్షల డాలర్ల పరిహారం. ఒప్పుకున్న నేరాలేమిటి? మైనర్లను అక్రమ లైంగిక చర్య కోసం తరలించడం, వలస మోసానికి కుట్ర, తప్పుడు పన్ను రిటర్ను. ఆ పిల్లలు ఎవరి పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు దొర మాటకు ఎందుకు ఎదురుచెప్పలేకపోయారు అన్నదానికి ఆ నేరాల పట్టికలో చోటు లేదు. కులం అనే మాట అమెరికా చట్టంలో లేకపోవడం అంటే ఇది. నేరం కనిపిస్తుంది, దాన్ని సాధ్యం చేసింది కనిపించదు.

1964 చట్టంలోని టైటిల్ 7 ఉద్యోగాల్లో జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా వివక్షను నిషేధిస్తుంది. అయిదు మాటలు, కులం లేదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా పౌరహక్కుల విభాగం సిస్కో కంపెనీ మీద కేసు వేసినప్పుడు, ఒక దళిత ఇంజినీరుపై వివక్ష ఆరోపణను ఈ మాటల్లోనే సర్దాల్సి వచ్చింది. కంపెనీ ఆరోపణల్ని ఖండించింది. కేసులోని ఇద్దరు ఇంజినీర్లపై ఆరోపణల్ని 2023 ఏప్రిల్‌లో విభాగమే వెనక్కి తీసుకుంది, కంపెనీపై కేసు మిగిలింది. మూడేళ్లు గడిచినా కులం ఏ మాట కింద వస్తుందో తేలలేదు.

అందుకే ‘కులం’ అని విడిగా రాయించే ప్రయత్నాలు. అమెరికాలో రాష్ట్రం తన రాజ్యాంగం కింద తన చట్టం చేసుకోగలదు, నగరం తన పరిధిలో చేసుకోగలదు. కేంద్రం ఇచ్చినదాని కంటే ఎక్కువ రక్షణ ఇవ్వడానికి అడ్డులేదు. ఫెడరలిజం వల్ల మనకున్న మేలు ఇదే. సియాటిల్ తర్వాత 2023లోనే ఫ్రెస్నో చేసింది. కాలిఫోర్నియాలో ఐషా వహాబ్ పెట్టిన ఎస్‌బీ 403 రెండు సభల్లో గెలిచింది. సంతకం పెట్టమని శాక్రమెంటోలో నిరాహార దీక్షలు చేశారు. అక్కడి గవర్నర్ మన గవర్నర్‌లా పైనుంచి వచ్చి కూర్చున్నవాడు కాదు, ఓట్లతో గెలిచిన పాలకుడు. అక్టోబరు 7న గావిన్ న్యూసమ్ వీటో చేశాడు. ఉన్న చట్టాల కిందే కుల వివక్ష నిషిద్ధమని, కొత్త చట్టం అనవసరమని కారణం చెప్పాడు. సభలు మూడింట రెండు వంతుల ఓట్లతో వీటోను దాటొచ్చు, కానీ కాలిఫోర్నియాలో నలభై ఏళ్లకు పైగా అలా జరగలేదు. ఉన్న చట్టమే సరిపోతుందన్న ఆ మాటను మన లాయర్లు దాచుకోవాలి. రేపు కోర్టులో అవతలి పక్షం ‘చట్టంలో కులం లేదు’ అన్నప్పుడు అదే జవాబు.

వ్యతిరేకులు కూడా రాజ్యాంగాన్నే పట్టుకున్నారు. అప్పట్లో 23 క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో తన విధానంలో కులాన్ని చేర్చితే, ఇద్దరు హిందూ ప్రొఫెసర్లు అది తమ మతాన్ని కించపరుస్తోందని, సమాన రక్షణకు విరుద్ధమని కోర్టుకు వెళ్లారు. ఆ విధానంలో ఏ మతం పేరూ లేదు. జిల్లా కోర్టులో ఓడిపోయారు, 2025లో నైన్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులోనూ ఓడిపోయారు. తమకు జరిగిన, జరగబోయే నష్టాన్ని చూపించలేకపోయారు కాబట్టి కేసు వేసే అర్హతే లేదంది కోర్టు. దీన్ని ‘స్టాండింగ్’ అంటారు. మన దగ్గరిలా ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసే వెసులుబాటు అక్కడి ఫెడరల్ కోర్టుల్లో లేదు. ఈసారి అది మనకు కలిసొచ్చింది. ప్రతిసారీ కలిసిరాదు. బాధితుడు పేరు బయటపెట్టి ముందుకు వస్తే తప్ప మన కేసు కూడా నడవదు.

హార్లన్ మాట ఎవరి చేతిలో పడింది

1896లో ప్లెసీ కేసులో రైళ్లలో వేర్వేరు పెట్టెలు రాజ్యాంగబద్ధమేనని కోర్టు అంటే, హార్లన్ మళ్లీ ఒంటరిగా కాదన్నాడు. మన రాజ్యాంగం రంగు చూడదు అన్న అర్థంలో ఆయన అన్న మాట ప్రసిద్ధమైంది. తెల్లవాళ్ల పెత్తనం ఎలాగూ ఉంటుందన్న ధీమా కూడా అదే పేరాలో ఉంది, దాన్ని ఎవరూ ఉదహరించరు. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసినప్పుడు ఆ హార్లన్ మాటనే వాడుకుంది. జిమ్ క్రోకు వ్యతిరేకంగా పుట్టిన వాక్యం నల్ల పిల్లల అడ్మిషన్లకు వ్యతిరేకంగా నిలబడింది. జస్టిస్ సోటోమయోర్, జస్టిస్ జాక్సన్ తమ అసమ్మతి తీర్పుల్లో ఈ వైరుధ్యాన్నే ఎత్తిచూపారు.

అమెరికా కోర్టుల్లో జాతి ఆధారంగా చేసే ఏ వర్గీకరణ అయినా, మంచికైనా చెడ్డకైనా, ‘స్ట్రిక్ట్ స్క్రూటినీ’ అనే అత్యంత కఠినమైన పరీక్షను దాటాలి. అణచడానికి గీసిన గీతనూ, అణగారినవాళ్లను లేపడానికి గీసిన గీతనూ ఒకే త్రాసులో తూస్తారు. మన సుప్రీంకోర్టు 2008లో అశోక్ కుమార్ ఠాకూర్ కేసులో ఆ పరీక్ష ఇక్కడ చెల్లదని చెప్పింది. అసలు మన దగ్గర ఆ ప్రమాదం మొదట్లోనే వచ్చింది. 1951 ఏప్రిల్ 9న చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు రాష్ట్ర కమ్యూనల్ జీవోను కోర్టు కొట్టేసింది. జూన్ 18 నాటికి మొదటి సవరణ వచ్చింది, 15(4) పుట్టింది. డెబ్బై రోజులు. అమెరికాలో హార్వర్డ్ తీర్పును అలా తిరగరాయాలంటే రెండు సభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. ఆ రాజ్యాంగానికి ఇప్పటికి 27 సవరణలే. చివరిది 1992లో ఆమోదం పొందింది, ప్రతిపాదించింది మాత్రం 1789లో! సవరణ సులభం కావడం వల్ల మనకు ఎమర్జెన్సీ కాలపు 42వ సవరణ కూడా వచ్చింది, కాదనను. కానీ మార్చలేని రాజ్యాంగంలో తొమ్మిది మంది న్యాయమూర్తులే రాజ్యాంగం అయిపోతారు.

14వ సవరణలో మొదటి వాక్యం సమానత్వం గురించి కాదు, పుట్టుకతో వచ్చే పౌరసత్వం గురించి. నల్లవాడు పౌరుడు కాలేడన్న 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పును చెరిపేయడానికి రాసిన వాక్యం అది. 2025 జనవరి 20న డొనాల్డ్ ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేకపోతే బిడ్డకు పౌరసత్వం రాదు. అంటే హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్న తెలుగు కుటుంబాలు నేరుగా దాని కింద పడతాయి. జిల్లా కోర్టులు ఆపాయి. జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో, దేశమంతటికీ వర్తించే స్టేలు ఇచ్చే అధికారం కింది కోర్టులకు లేదని కుదించింది. జూలై 10న న్యూ హాంప్‌షైర్ ఫెడరల్ కోర్టు పిల్లలందరినీ ఒక సమూహంగా చేర్చి మళ్లీ ఆపింది. డిసెంబరులో అసలు అంశాన్ని సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించింది. ఆ పిల్లలకు అండగా ఉన్న పాత తీర్పు 1898లో చైనా వలస దంపతుల బిడ్డ వాంగ్ కిమ్ ఆర్క్ గెలిచినది. అందులో అసమ్మతి తెలిపిన ఇద్దరిలో హార్లన్ ఒకడు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, ఇక్కడి రిజర్వేషన్లను వెక్కిరించే మనవాళ్లు కొందరు ఇప్పుడు 14వ సవరణను శ్రద్ధగా చదువుతున్నారు. ఆ వాక్యం ఎవరి నెత్తుటితో వచ్చిందో కూడా చదివితే బాగుంటుంది.

మన వాడల నుంచి పై చదువుకు వెళ్తున్న పిల్లలు చదవాల్సింది ఇంకొకటుంది. ఆఫీసులో కులం పేరుతో వివక్ష ఎదురైతే టైటిల్ 7 కింద సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలి. కంపెనీలో కనీసం 15 మంది ఉద్యోగులుండాలి. గడువు 180 రోజులు, రాష్ట్రంలో అలాంటి చట్టాన్నే అమలు చేసే సంస్థ ఉంటే 300 రోజులు. కమిషన్ నుంచి అనుమతి పత్రం వచ్చాకే కోర్టుకు వెళ్లొచ్చు. ఈలోపు ఉద్యోగం పోతే, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికైనా దేశం విడిచి వెళ్లడానికైనా దొరికేది గరిష్ఠంగా 60 రోజులు.